బాటిళ్ల లెక్క కూడా రోగితో పాటు పంపించండి

శ్రీకాకుళం జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి, జిల్లా ఆస్పత్రుల సమన్వయాధికారి గారికి నమస్కారాలు.

నేను శ్రీకాకుళంలో ఒక ఆస్పత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. పదమూడేళ్లుగా ఇదే పని. ఈ ఉత్తరం ఒక చీటీ కోసం రాస్తున్నాను. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి, పాతపట్నం, ఎక్కడి నుంచైనా సరే, ఊపిరాడని రోగిని పై ఆస్పత్రికి పంపేటప్పుడు ఆ మనిషికి అప్పటిదాకా ఎన్ని సెలైన్ బాటిళ్లు ఎక్కాయో, ఎంత మూత్రం వచ్చిందో ఒక కాగితం మీద రాసి పంపాలని మీరు ఆర్డర్ ఇవ్వాలి. ముఖ్యంగా నేను అడిగేది అదే. మిగతాదంతా ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికి.

పోయిన కార్తీక మాసంలో ఒక రాత్రి పదకొండు దాటాక 108లో ఒకతన్ని తీసుకొచ్చారు. ఉద్దానం వైపు కొబ్బరి తోటల్లో పనిచేసే మనిషి. నలభై ఏళ్లు కూడా ఉండవు. వారం రోజులుగా జ్వరం. పడుకోబెడితే ఊపిరాడటం లేదని స్ట్రెచర్ మీద కూర్చునే వచ్చాడు. ముఖానికి బ్యాగున్న మాస్కు పెట్టి ఆక్సిజన్ ఫుల్లుగా వదిలినా శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 82 దాటలేదు. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ దూది కూరినట్టు తెల్లగా ఉన్నాయి. ఎకో (గుండె స్కాన్) తీస్తే గుండె బాగానే కొట్టుకుంటోంది. ఎడమ చంకలో, సిగరెట్టుతో కాల్చినట్టు, చిన్న నల్ల పెచ్చు కనిపించింది. అది చూడగానే డాక్టర్ గారు స్క్రబ్ టైఫస్ (తుప్పల్లో ఉండే చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం) అని అనుమానించి దాని మందు డాక్సీసైక్లిన్ మొదలుపెట్టించారు.

బట్టలు మారుస్తుంటే అతని మొలతాడు నడుములోకి దిగబడిపోయి కనిపించింది. తాడు కింద వేలు దూరే చోటు లేదు. కత్తెర మొన వాలుగా పెట్టి మెల్లగా కోయాల్సి వచ్చింది. కోశాక నడుము చుట్టూ ఎర్రటి గాడి మిగిలింది. అతని భార్య పక్కనే నిలబడి చూస్తూ, "మొన్న మంగళారం దాకా వొదులుగానే ఉండేదమ్మా. జారిపోతందని నానే ముడేసినాను" అంది. కాలి చీలమండ మీద నా బొటనవేలితో నొక్కితే పడిన గుంట, పది దాకా లెక్కపెట్టినా పూడలేదు.

అతనితో వచ్చిన రిఫర్ చీటీలో మూడు ముక్కలున్నాయి. జ్వరం, ఆయాసం, పై ఆస్పత్రికి పంపడమైనది. అంతే.

ఎన్ని బాటిళ్లు ఎక్కించారమ్మా అని ఆమెనే అడిగాను. ఆమె వేళ్లు మడిచి లెక్క చెప్పింది. "ఊళ్లో డాక్టరుబాబు రెండెట్టినాడు. మర్నాడు నీరసమంటే మల్లీ రెండు. టౌన్లో ఆస్పత్రిలో సాయంత్రం నుంచీ ఎక్కతానే ఉంది, నాను కాసేపు కునుకు తీసినాను, ఎన్నో తెల్దు. తర్వాత ఇంకో ఆస్పత్రికెల్తే అక్కడా కట్టినారు." మళ్లీ మళ్లీ అడిగితే చివరికి తొమ్మిదో పదో అని తేలింది. దాదాపు ఐదు లీటర్లు. మూత్రం ఎంత వచ్చిందంటే "కూసింత, ఎర్రగా" అంది.

నేను ఎవరినీ తప్పుపట్టడానికి ఈ సంగతి చెప్పడం లేదు. జ్వరంతో నోరెండిపోయిన మనిషికి ఊళ్లో రెండు బాటిళ్లు పెట్టిన ఆయన మంచి చేస్తున్నాననే అనుకున్నాడు. టౌన్లో డ్యూటీ డాక్టరు గారికి బీపీ తక్కువ కనిపించింది, ఆయనా పెట్టారు. తర్వాతి చోట కూడా అంతే. ఎవరికి వాళ్లు తమ దగ్గరికి కొత్తగా వచ్చిన రోగికి సబబైన మోతాదే ఇచ్చారు. మొత్తం ఎంతయిందో మాత్రం ఎవరికీ కనపడలేదు. కనపడాలంటే రాసి ఉండాలి కదా.

ఊపిరితిత్తుల్లో గాలి గదులకీ, వాటిని ఆనుకుని పారే సన్నటి రక్తనాళాలకీ మధ్య ఉండే గోడ ఉల్లిపొర కన్నా పలచన. న్యుమోనియా గానీ, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసే సెప్సిస్ గానీ, స్క్రబ్ టైఫస్ గానీ, మన ఏజెన్సీ వైపు నుంచి వచ్చే ఫాల్సిపారం మలేరియా గానీ ముదిరితే ఆ గోడ దెబ్బతిని కారడం మొదలవుతుంది. దాన్నే మేము ఏఆర్‌డీఎస్ అంటాం. గుండె జబ్బులో కూడా ఊపిరితిత్తుల్లోకి నీరు వస్తుంది గానీ, అక్కడ గుండె తోడలేక వెనక ఒత్తిడి పెరిగి వస్తుంది. ఇక్కడ గోడే కారుతుంది. వరి చేను గట్టుకి పీతలు బొరియలు పెట్టడం మన వాళ్లందరూ చూసే ఉంటారు. గట్టు బాగున్నప్పుడు కాలవలో నీళ్లు కాస్త ఎక్కువ పారినా ఏమీ కాదు. బొరియలు పడ్డాక కాలవలో నీటిమట్టం ఎంత పెంచితే పక్క చేలోకి అంత కారిపోతుంది. రైతు గట్టు పూడ్చుకునేదాకా కాలవ పారకం తగ్గించి పెడతాడు. మేము ఐసీయూలో చేసేదీ అదే. ఊపిరితిత్తి గట్టు మందులతో ఒక్కరోజులో పూడదు, దానంతట అది మానాలి. అంతవరకూ నరంలోకి వెళ్లే ప్రతి బాటిల్ ఆ కాలవలో మట్టం పెంచేదే.

ఇది నా సొంత నమ్మకం కాదు. మా ఐసీయూ డాక్టర్ గారు ఒక నైట్ డ్యూటీలో తెల్ల బోర్డు మీద లెక్కలు రాసి మాకు వివరంగా చెప్పారు. ఉత్తర అమెరికాలో 20 ఆస్పత్రుల్లో, ఇలాంటి ఊపిరితిత్తుల దెబ్బతో ఉన్న 1000 మంది రోగుల మీద ఒక పెద్ద పరిశోధన చేసి 2006లో ఫలితాలు ప్రకటించారు. సగం మందికి నీళ్లు ధారాళంగా ఇచ్చారు. మిగతా సగానికి పొదుపుగా ఇస్తూ, అవసరమైతే మూత్రం వచ్చే మందు కూడా ఇచ్చారు. వారం తిరిగేసరికి మొదటి గుంపు వాళ్ల ఒంట్లో సగటున దాదాపు 7 లీటర్లు మిగిలిపోయింది. రెండో గుంపులో మిగులు ఏమీ లేదు, 136 మిల్లీలీటర్లు తక్కువే ఉంది. 60 రోజుల్లో చనిపోయిన వాళ్లు మొదటి గుంపులో 28.4 శాతం, రెండో గుంపులో 25.5 శాతం. ఈ తేడా కాకతాళీయం కావచ్చు, ప్రాణాలు దక్కాయని దీన్ని బట్టి చెప్పలేం అని మా డాక్టర్ గారు కూడా అన్నారు. కానీ 28 రోజుల్లో రోగి వెంటిలేటర్ లేకుండా గడిపిన రోజులు 12.1 నుంచి 14.6కి పెరిగాయి. నీళ్లు తగ్గిస్తే కిడ్నీలు పోతాయేమో అన్న భయం కూడా నిజం కాలేదు. డయాలసిస్ అవసరమైన వాళ్లు పొదుపు గుంపులోనే తక్కువ, 14 శాతానికి బదులు 10 శాతం.

రెండున్నర రోజులు అంటే వినడానికి చిన్నదే. నాకు మాత్రం అది ఒక మంచం. మా దగ్గర వెంటిలేటర్ మంచం ఒకటి రెండున్నర రోజులు ముందు ఖాళీ అయితే, విశాఖ పెద్దాస్పత్రి కేజీహెచ్‌కి నూరు కిలోమీటర్లు పైగా అంబులెన్స్‌లో వెళ్లాల్సిన మరో రోగి ఇక్కడే ఆగుతాడు.

అలాగని బాటిల్ వద్దే వద్దని నేను అనడం లేదు. ఈ ఉత్తరం చదివి ఎవరైనా షాక్‌లో ఉన్న రోగికి సెలైన్ ఆపేస్తే అంతకన్నా ఘోరం ఉండదు. బీపీ పడిపోయి, చేతులు చల్లబడి, గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రావడానికి ఐదారు సెకన్లు పడుతుంటే మొదటి గంటల్లో నీళ్లు ఇవ్వాల్సిందే. సెప్సిస్ షాక్‌లో మొదటి 3 గంటల్లో కిలో బరువుకి 30 మిల్లీలీటర్లు అన్నది ప్రపంచమంతా చెప్పుకునే లెక్క. 50 కిలోల మనిషికి లీటరున్నర, అంటే మూడు బాటిళ్లు. 2021లో సవరించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు దాన్ని కూడా ఖచ్చితమైన సిఫారసు నుంచి సూచన స్థాయికి దించాయి. ఆ తర్వాత కూడా బీపీ నిలవకపోతే దాన్ని పెంచే మందు నార్‌అడ్రినలిన్ మొదలుపెట్టాలి, మెడలోని పెద్ద నరంలోకి సెంట్రల్ లైన్ అనే గొట్టం వేసేదాకా ఆగకుండా మోచేతి దగ్గర మంచి నరంలో కొద్ది సమయం ఇవ్వొచ్చని కూడా వాటిలో ఉంది. ఇందాక చెప్పిన 2006 పరిశోధనలో సైతం బీపీ పెంచే మందుల మీద ఉన్న రోగికి మూత్రం మందు ముట్టించలేదు. షాక్ నుంచి తేరుకుని 12 గంటలు గడిచాకే నీరు తీయడం మొదలుపెట్టారు.

కాబట్టి మొదటి మూడు బాటిళ్లతో నాకు పేచీ లేదు. ఆ మూడూ ఎక్కడ ఎక్కాయో కాగితం మీద లేకపోతే, వెళ్లిన ప్రతి చోటా మళ్లీ మొదటి మూడు బాటిళ్లే మొదలవుతాయి. నా బాధ అది.

వెంటిలేటర్లు లేని చోట ఈ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆఫ్రికాలోని జాంబియాలో, రాజధాని లుసాకా ఆస్పత్రిలో సెప్సిస్‌తో బీపీ పడిపోయిన 212 మంది మీద చేసిన పరిశోధన 2017లో వచ్చింది. ఒక పద్ధతి ప్రకారం త్వరగా, ఎక్కువగా నీళ్లు ఇచ్చిన గుంపుకి మొదటి 6 గంటల్లో సుమారు మూడున్నర లీటర్లు ఎక్కింది. మామూలు వైద్యం అందిన గుంపుకి 2 లీటర్లు. ఎక్కువ నీళ్లు ఇచ్చిన గుంపులో ఆస్పత్రిలోనే 48.1 శాతం మంది చనిపోయారు, రెండో గుంపులో 33 శాతం. ఆ రోగుల్లో చాలామందికి హెచ్ఐవీ ఉంది, కనుక వాళ్లూ మన వాళ్లూ ఒకటే అనలేం. అయినా ఊపిరితిత్తులు నిండిపోతే ఆదుకోవడానికి పక్కన మిషన్ లేని వార్డు పరిస్థితి మన మండలాల్లో ఉన్నదే.

ఇక మా నర్సుల చేతిలో ఉన్న తప్పు కూడా చెప్పాలి. సెలైన్ అని కేస్ షీట్‌లో రాసేది ఒకటే, ఎక్కేది చాలా. జ్వరానికి పారాసెటమాల్ ఇంజెక్షన్ 100 మిల్లీలీటర్ల బాటిల్‌లో వస్తుంది. మెట్రోనిడజోల్ 100 మిల్లీలీటర్లు. ఇంకో యాంటీబయాటిక్‌ని పొడి సీసాలోంచి తీసి 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి ఎక్కిస్తాం. ఈ మూడూ రోజుకి మూడు పూటలంటే 900 మిల్లీలీటర్లు. దాన్ని ఎవరూ నీళ్ల కింద లెక్కేయరు, మందు కిందే చూస్తారు. వీటికి తోడు కాన్యులా (నరంలో పెట్టిన సన్న గొట్టం) మూసుకుపోకుండా రాత్రంతా చుక్కలు చుక్కలుగా వదిలే డ్రిప్ ఒకటి. నీళ్లు పూర్తిగా ఆపేశాం అని డాక్టర్ గారు అనుకునే రోజున కూడా రోగికి లీటరు పైన వెళ్తూ ఉంటుంది. నేనూ ఏళ్ల తరబడి అలాగే చేశాను. ఇప్పుడు మా ఐసీయూలో ప్రతి చిన్న బాటిల్ కూడా, ఎంత ఎక్కిందో ఎంత మూత్రం వచ్చిందో రాసే ఐఓ చార్ట్‌లో ఎక్కించాల్సిందే. మాత్రగా ఇవ్వగలిగిన మందుని ముక్కు ట్యూబ్ ద్వారా ఇస్తాం. కలపాల్సిన మందుని డాక్టర్ గారు ఒప్పుకుంటే తక్కువ సెలైన్‌లో కలిపి సిరంజి పంప్‌లో పెడతాం.

నీటితో పాటు వెళ్లే ఉప్పు సంగతి కూడా ఉంది. లీటరు నార్మల్ సెలైన్‌లో 9 గ్రాముల ఉప్పు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లే రోజంతా 5 గ్రాముల లోపు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఒక్క అరలీటరు బాటిల్‌లో 4.5 గ్రాములు వెళ్లిపోతుంది. ఆ ఉప్పు బయటికి పోనంతవరకూ నీరు కూడా పోదు.

ఆ కొబ్బరి తోటల మనిషి విషయానికి వస్తే, ఆ రాత్రే ట్యూబ్ వేసి వెంటిలేటర్ పెట్టాం. మొదటి రెండు రోజులు బీపీ పెంచే మందు కావాల్సి వచ్చింది గనుక నీరు తీయడానికి లేదు. మూడో రోజు నుంచి మూత్రం వచ్చే మందు లాసిక్స్ మొదలైంది. గంట గంటకీ యూరోబ్యాగ్ (మూత్రం సంచి) చూసుకోవడం, రోజుకి రెండుసార్లు పొటాషియం చూడటం. లెక్క మైనస్‌లోకి వెళ్లిన ప్రతి రోజూ మిషన్ నుంచి ఇచ్చే ఆక్సిజన్ శాతం కాస్త తగ్గించగలిగాం. నీరు తీయడానికే ఆరు రోజులు పట్టింది. పదకొండో రోజు ట్యూబ్ తీశాం. అతను బతికాడు. నేను రాస్తున్నది అతను బతకడానికి పట్టిన రోజుల గురించి. అలాగే, అతనిలా కాకుండా, తట్టుకోలేక చనిపోయిన వాళ్ల గురించి. వాళ్ల చీటీల్లో కూడా అవే మూడు ముక్కలు.

ఉద్దానం పేరు రాశాక అక్కడి కిడ్నీ జబ్బుల మాట ఎత్తకుండా ఉండలేను. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో పైకి బాగానే కనిపించే మనిషికి కూడా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూస్తే గుండె జారిపోతుంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చాయంటే సమస్య ఎంత పెద్దదో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ అదనంగా ఎక్కిన రెండు బాటిళ్లని ఒకటి రెండు రోజుల్లో బయటికి పంపేస్తుంది. సగం పాడైన కిడ్నీ పంపలేదు. అదే మనిషికి ఊపిరితిత్తులు కూడా కారుతుంటే ఆ నీటికి వేరే దారి లేదు. ఆ మండలాల నుంచి వచ్చే ప్రతి జ్వరం రోగికీ రెండో బాటిల్ పెట్టే ముందు క్రియాటినిన్ చూడాలని రూల్ పెడితే బాగుంటుంది.

ఊళ్లో మన జనం నమ్మకం కూడా మార్చాలి. బాటిల్ కట్టకపోతే వైద్యం చేయనట్టే అనుకుంటారు. మా ఐసీయూ తలుపు దగ్గర రోజూ ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటారు. "ఒక్క గ్లూకోసైనా ఎట్టండమ్మా, మనిషి నీరసించిపోనాడు" అని. నేను వాళ్లకి బాటిల్ చేతికిచ్చి చూపిస్తాను. ఈ అరలీటరు గ్లూకోజ్‌లో ఉన్నది 25 గ్రాముల చక్కెర తల్లీ, ఐదారు చెంచాలు. నార్మల్ సెలైన్‌లో అదీ లేదు, ఉప్పునీళ్లే. బలం కోసం ముక్కు ట్యూబ్‌లో పాలు, గుడ్డు, పొడి కలిపి పెడుతున్నాం చూడండి అని. చెప్తే వింటారు. చెప్పడానికి ఐదు నిమిషాలు కావాలి, అంతే. గ్రామాల్లో మొదట చూసే ఆర్ఎంపీలకి కూడా ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి. నోటితో తాగగలిగిన వాళ్లకి ఓఆర్ఎస్, గంజి, కొబ్బరినీళ్లు చాలు. కిడ్నీ జబ్బు ఉన్న వాళ్లకి మాత్రం కొబ్బరినీళ్లు వద్దు, పొటాషియం పెరుగుతుంది. జ్వరంతో పాటు ఆయాసం ఉంటే, పల్స్ ఆక్సీమీటర్‌లో 94 కన్నా తగ్గితే బాటిల్ కట్టి కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. వాళ్లని బెదిరిస్తే దాచేస్తారు. ఎన్ని పెట్టామో చెప్పినందుకు కేసు పెట్టరు అన్న నమ్మకం కలిగితేనే మాకు నిజం లెక్క వస్తుంది.

చీటీలో ఏముండాలో నేనే ఒక నమూనా తయారు చేశాను. అరపేజీ, తెలుగులోనే. రోగి బరువు. జ్వరం ఎన్నో రోజు. ఎక్కిన బాటిళ్లు ఏ రకం, ఎన్ని, ఎన్ని గంటలకి మొదలు, చిన్న మందు బాటిళ్లతో సహా. చివరి ఆరు గంటల్లో మూత్రం ఎంత, లేదంటే రాలేదని. బయల్దేరేటప్పుడు బీపీ, శాచురేషన్, నిమిషానికి ఎన్ని శ్వాసలు. కిడ్నీ జబ్బు ఉందా, క్రియాటినిన్ ఎంత. 108లో దారిలో ఎక్కినది రాయడానికి కింద ఒక గీత. మా ఇద్దరు ముగ్గురు నర్సులం నింపి చూసుకున్నాం, రెండు నిమిషాలు పట్టింది. ఈ చీటీ లేకుండా ఏ ఆస్పత్రి నుంచీ రోగిని బండెక్కించకూడదని మీరు ఆర్డర్ వేయాలి. ప్రాణం మీదికొచ్చిన రోగిని చీటీ కోసం ఆపమని కాదు. అలాంటప్పుడు వెనకనే ఫోన్ చేసి చెప్పినా చాలు.

దానితో పాటు ఏరియా ఆస్పత్రులకీ, సామాజిక ఆరోగ్య కేంద్రాలకీ (సీహెచ్‌సీలకీ) రోగిని పడుకోబెట్టి బరువు తూచే స్కేల్ ఒక్కొక్కటి ఇప్పించండి. లీటరు నీళ్లంటే కిలో బరువు. చార్ట్‌లో మనం ఎక్కడ తప్పు రాసినా తూకం పట్టిస్తుంది.

జూలైలో నాట్లు పడతాయి. పొలాల్లో, తోటల్లో, తుప్పల్లో పని పెరిగి ఆగస్టు నుంచి మా దగ్గరికి జ్వరాలు వరస కడతాయి. ఆ లోపే చీటీ అచ్చయి అన్ని చోట్లకీ చేరితే ఈ ఏడాదే పనికొస్తుంది. నమూనా కాపీని నా పేరు, ఫోన్ నంబరుతో మీ రెండు ఆఫీసులకీ విడిగా పంపించాను. సమీక్షా సమావేశానికి ఏ రోజు రమ్మన్నా డ్యూటీ మార్చుకుని వస్తాను.

ఇట్లు,
ఒక ఐసీయూ స్టాఫ్ నర్స్,
శ్రీకాకుళం